పసిబిడ్డ మాడు మీది పొలుసు: శౌచం, ఉపశమం, ఉపేక్ష

పుట్టిన మూడో వారం నుంచి మూడో నెల లోపు ఎంతోమంది పసిబిడ్డల తల మీద, ముఖ్యంగా మాడు చుట్టూ, జిడ్డుతో కూడిన పసుపు పచ్చని లేదా గోధుమ రంగు పొలుసులు కట్టి, ఒక్కొక్కచోట ఒకదానిపై ఒకటి పేరుకుని గట్టి పెచ్చుగా తయారవుతాయి. వైద్యులు దీనిని క్రేడిల్ క్యాప్ అని, శాస్త్రపరిభాషలో శైశవ సెబోరిక్ డెర్మటైటిస్ అని, అంటే చర్మంలో నూనెను స్రవించే గ్రంథులు దట్టంగా ఉన్న చోట్ల కలిగే తేలికపాటి శోథ అని వ్యవహరిస్తారు. ఇది అంటువ్యాధి కాదు; బిడ్డకు నొప్పిగాని చెప్పుకోదగిన దురదగాని కలిగించదు, పాలకు నిద్రకు అడ్డురాదు, ఎక్కువమందిలో ఏడాది నిండకముందే ఏ మందూ లేకుండా రాలిపోతుంది. ఇంత స్వల్పమైన విషయానికి మత, తత్త్వ విచారణలో చోటేమిటన్న సందేహం కలగడం సహజం. అయితే బాధపడని బిడ్డ తలను చూసి ఇంటిల్లిపాదీ బాధపడటంలో, ఆ పెచ్చును గోటితో గిల్లి తీసేయాలన్న ఆత్రంలో, తల్లి శుభ్రతను శంకించే మాటలో రెండు పాత ప్రశ్నలు దాగి ఉన్నాయి. దేహం నుంచి పుట్టిన ప్రతి మడ్డీ మైలేనా అన్నది మొదటిది. తనంతట తాను శమించేదాని విషయంలో మనుషులు చేయవలసిన పని ఏమిటన్నది రెండోది. వీటిలో రెండోది లోతైనది, మొదటిది ఎక్కువ హాని చేసేది.

ఈ ప్రశ్నలను సికింద్రాబాద్ నుంచి అడగడానికి కారణం ఉంది. మూడో నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన ఈ కంటోన్మెంట్ పట్టణానికి సైన్యం వెంట, వ్యాపారం వెంట, ఆ తర్వాత రైలు వెంట వచ్చిన జనం తమ దేవుళ్ళతో పాటు తమ పురిటి ఆచారాలను కూడా తెచ్చుకున్నారు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవారు, మద్రాసు పటాలాలతో వచ్చిన తమిళులు, ముస్లింలు, తెలుగు క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లు, పార్సీలు, మార్వాడీలు రెండు శతాబ్దాలుగా పక్కపక్క వీధుల్లో కాపురం ఉంటూ, వేర్వేరు దైవాలను తలచుకుంటూ పసిబిడ్డ తలను తాకారు. ఆ తాకడంలో పోలికలు తేడాల కంటే ఎక్కువగా కనిపిస్తాయి, ఎందుకంటే దాదాపు అందరికీ బిడ్డ శిరస్సే పవిత్రతకు ద్వారం, అందరి చేతిలోనూ ఉన్నవి నీరు, నూనె, కత్తి అనే మూడు సాధనాలే.

తెలుగు హిందూ ఇళ్ళలో పురుడు గడిచేవరకు తల్లీబిడ్డలు వేరు గదిలో ఉంటారు. పురుడు అంటే కాన్పు వల్ల కలిగిందని భావించే అశౌచం, దానినే ధర్మశాస్త్రాలు జాతాశౌచం అన్నాయి. ఆ రోజుల్లోనే బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె పట్టించి, శనగపిండి, పసుపు కలిపిన నలుగు పెట్టి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, మాడుకు ఆముదం అద్దడం పెద్దల పని. పుట్టువెంట్రుకలను మొదటి ఏడో మూడో ఏడో వేములవాడలోనో కొమురవెల్లిలోనో యాదగిరిగుట్టలోనో ఇంటిదేవుడికి సమర్పిస్తారు. మనుస్మృతి కూడా చూడాకర్మకు, అంటే తొలి కేశఖండనకు, ఒకటో ఏడు లేదా మూడో ఏడు అనే చెప్పింది. ముస్లిం కుటుంబాలు ఏడో రోజున అఖీఖా జరిపి, బిడ్డ తల గొరిగించి, ఆ వెంట్రుకల ఎత్తు వెండిని దానం చేస్తాయి. ఇస్లాంకు పూర్వం అరబ్బులు బలిపశువు నెత్తురును బిడ్డ తలకు పూసేవారని, ప్రవక్త కాలంలో దాని స్థానంలో కుంకుమపువ్వు వచ్చిందని హదీసు సంప్రదాయం చెబుతుంది. కతోలికుల జ్ఞానస్నానంలో బిడ్డ నడినెత్తిన గురువు అద్దే క్రిజం అనేది పరిమళద్రవ్యం కలిపిన నూనె, సాధారణంగా ఆలివ్ నూనె. దానిని బిషపు పవిత్ర వారంలో పవిత్రపరచి విచారణలకు, అంటే పారిష్‌లకు, పంపుతారు. పార్సీల వెందిదాద్ గ్రంథం కత్తిరించిన వెంట్రుకను, గోటిని దేహం నుంచి విడివడిన క్షణం నుంచే అపవిత్రంగా ఎంచి, వాటిని విధిపూర్వకంగా భూమిలో పాతిపెట్టమంటుంది.

ఈ ఆచారాలను, పొలుసు కట్టే కాలాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. అఖీఖా ఏడో రోజున జరుగుతుంది, అప్పటికి చాలామంది బిడ్డల తల మీద పొలుసు మొదలే కాదు. పుట్టువెంట్రుకలు తీసే నాటికి అది వచ్చి పోయి ఉంటుంది. జ్ఞానస్నానపు నూనె ఒక్క చుక్క, ఒక్క రోజు. కాబట్టి ఈ సంస్కారాలలో ఏదీ చర్మవ్యాధికి చికిత్సగా పుట్టలేదనుకోవచ్చు, వాటిని ఆ కొలతతో సమర్థించనూ అక్కరలేదు, ఖండించనూ అక్కరలేదు. పూర్వులు అన్నీ ఆరోగ్యం కోసమే పెట్టారని వాదించేవారు ఆచారానికి మేలు చేస్తున్నామనుకుంటారు గాని, నిజానికి వారు దానిని నాసిరకం వైద్యంగా దిగజారుస్తారు. తల గొరిగించడం ఒక సమర్పణ, క్రిజం అద్దడం ఒక సంఘంలోకి స్వాగతం, వెండి దానం పుట్టుక కలిగించిన కృతజ్ఞతకు ఒక రూపం. వాటి అర్థం వాటిలోనే ఉంది. చిక్కంతా సంస్కారానికి, వైద్యానికి మధ్య ఏ శాస్త్రమూ గట్టిగా విధించకుండా రోజూ జరిగిపోయే తోమడం, గీకడం, పొగ వేయడం అనే మధ్య ప్రాంతంలోనే వస్తుంది. అక్కడ ఆచారపు అధికారం చేతికొస్తుంది గాని ఆచారపు జవాబుదారీ రాదు.

పొలుసు మైలా అన్న ప్రశ్నకు శాస్త్రదృష్టిలో సమాధానం వెతకడం కష్టం కాదు. మనుస్మృతి ఐదో అధ్యాయం మనిషి దేహానికి పన్నెండు మలాలు ఉన్నాయంటూ రక్తం, చెమట, కన్నీరు, గులిమి వంటి వాటితో పాటు వసను, అంటే శరీరపు కొవ్వును కూడా లెక్కించింది. పొలుసులోని జిడ్డు చర్మగ్రంథుల నుంచి ఊరే కొవ్వే కనుక ఆ లెక్క ప్రకారం దానిని మలమనే అనవలసి వస్తుంది. కాని అదే ధర్మశాస్త్ర సంప్రదాయంలో మనుస్మృతి కంటే పాతదిగా పండితులు భావించే గౌతమ ధర్మసూత్రం రెండో అధ్యాయంలో వేరొక మాట ఉంది. ఉపనయనానికి ముందు బిడ్డకు ఆచమనాది శౌచవిధులు ఏవీ లేవని, తుడవడం, కడగడం, నీళ్ళు చిలకరించడం మాత్రం చాలునని, ఆ బిడ్డను తాకినవారికి దానివల్ల అశౌచం రాదని ఆ సూత్రకారుడి తాత్పర్యం. మగబిడ్డను మనసులో పెట్టుకుని చెప్పిన విధి ఇది. అయినా దాని వెనుక ఉన్న తర్కం ఆడబిడ్డకూ వర్తించకపోవడానికి కారణమేదీ కనిపించదు. శౌచం అనేది కర్తృత్వం ఉన్నవాడి ధర్మం, అంటే తాను చేసేది ఏమిటో తెలిసి చేయగలవాడికి విధించిన బాధ్యత; ఆ తెలివి ఇంకా రాని దేహం మలాన్ని స్రవించవచ్చు గాని మలినం కాదు. పెద్దలు చేయవలసింది తుడవడం, కడగడం, నీళ్ళు చిలకరించడం అని ఆగిపోయిన ఆ సూత్రం, గోకడం గురించి చెప్పకపోవడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఆ మూడు క్రియలూ సున్నితమైనవే కావడం గమనించదగినది.

ఆధునిక వైద్యం ఇదే సంగతిని వేరే దారిలో చేరుకుంది. గర్భంలో ఉండగా తల్లి నుంచి అందిన హార్మోన్ల ప్రభావం పుట్టాక కొన్ని నెలలు మిగిలి ఉండి బిడ్డ తైలగ్రంథులను చురుకుగా ఉంచుతుందని, ఆ తైలం మీద బతికే మలసీజియా అనే ఈస్టు జాతి సూక్ష్మజీవి అక్కడ వృద్ధి చెందుతుందని, దాని ఉనికికి చర్మం స్పందించి కణాలను త్వరత్వరగా రాల్చడంతో అవి జిడ్డుకు అంటుకుని పెచ్చు కడతాయని ఎక్కువమంది నిపుణుల వివరణ. 1874లో లూయీ మలసే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చుండ్రు పొలుసులలో ఈ జీవిని వర్ణించడం వల్ల దానికి ఆయన పేరు వచ్చింది; ఆరోగ్యవంతులైన మనుషులందరి చర్మం మీద అది ఉంటుంది. అంటే ఈ పొలుసు తల్లి అశుభ్రత వల్ల వచ్చింది కాదు, ఆమె తిన్న వంకాయ వల్ల వచ్చింది కాదు, పాలలో దోషం వల్ల వచ్చింది కాదు. తల్లి దేహం బిడ్డకు చివరి వరకు ఇచ్చినదాని మిగులు అది.

ఈ మాటను గట్టిగా చెప్పవలసి రావడానికి కారణం శాస్త్రగ్రంథాలలోనే ఉంది. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం స్కందుడు, శకుని, రేవతి, పూతన మొదలైన తొమ్మిది బాలగ్రహాలను, అంటే పసిపిల్లలను పట్టి పీడించే శక్తులను వర్ణిస్తూ, అవి పట్టడానికి తల్లి లేదా పాలిచ్చే దాది చేసిన అపచారాలు, శౌచలోపం, మంగళాచారాలు పాటించకపోవడం కారణాలని చెప్పింది. కారణం తెలియని శిశుమరణాలు ఇంటింటా జరిగే కాలంలో భయానికి ఒక రూపం, దుఃఖానికి ఒక క్రమం ఇవ్వడానికి ఈ వివరణ పనికివచ్చి ఉంటుంది. ఆ భయాన్ని నేటి సుఖంలో కూర్చుని తక్కువ చేయడం న్యాయం కాదు. కాని ఆ వివరణ ఖరీదు మాత్రం ఎప్పుడూ బాలింతే చెల్లించింది. బిడ్డ ఒంటి మీద ఏది కనిపించినా మొదటి చూపు తల్లి వైపు తిరిగే అలవాటు గ్రహాల మీద నమ్మకం సడలిన ఇళ్ళలో కూడా నిలిచే ఉంది. వెనకటి అపచారం స్థానంలో ఇప్పుడు ఫలానా సబ్బు వాడలేదన్న నింద, ఫలానా నూనె రాయలేదన్న నింద వచ్చి కూర్చున్నాయి. నిద్రలేమితో, కాన్పు నొప్పులతో, ఒంట్లో రక్తం తక్కువై ఉన్న స్త్రీని ఒక నిరపాయకరమైన పొలుసు కోసం దోషిని చేయడం ఏ ధర్మం పేరుతో జరిగినా అధర్మమే.

వ్యాధిని దైవంతో ముడిపెట్టడం గురించి మాట్లాడేటప్పుడు సికింద్రాబాద్ చరిత్రలోని రెండు ఘటనలను గుర్తుచేసుకోక తప్పదు. 1813లో ఇక్కడ కలరా ప్రబలినప్పుడు, సైనికోద్యోగం మీద ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య ఊరు బతికితే అమ్మవారిని ఇక్కడ ప్రతిష్ఠిస్తానని మహాకాళికి మొక్కుకుని, తిరిగి వచ్చి 1815లో కొయ్య విగ్రహం నిలిపాడని ఉజ్జయిని మహాకాళి ఆలయ సంప్రదాయం. ఆ గుడిలో ఏటా ఆషాఢంలో పసుపు, వేపమండలతో అలంకరించిన బోనాలు ఎత్తుతారు. అదే పట్టణపు అంచున బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శిని కింద చూశాడు. మొదటిదాన్ని అజ్ఞానమనీ రెండోదాన్ని జ్ఞానమనీ విడదీసి చూపడం తేలికే గాని, అవి సమాధానమిచ్చిన ప్రశ్నలు వేరు. వ్యాధి ఎలా వస్తుందో రాస్ వెతికాడు; వ్యాధి వచ్చిన ఊరు చెదిరిపోకుండా ఎలా కలిసి నిలబడుతుందో అప్పయ్య మొక్కు చెప్పింది. ఊరిని వణికించిన కలరా ముందు మొక్కు ఒక మహత్కార్యం. పసిబిడ్డ మాడు మీది పొలుసు ముందు అంతటి ఆర్భాటం అవసరం లేదు, ఎందుకంటే అక్కడ తప్పించవలసిన ఆపద ఏదీ లేదు.

ఆపద లేనప్పుడు వైద్యం ఎందుకన్న ప్రశ్నను భారతీయ చింతనలో అందరికంటే సూటిగా అడిగిన గ్రంథం చరక సంహిత. సూత్రస్థానం పదహారో అధ్యాయంలో స్వభావోపరమం అనే వాదం ఉంది; ఉపరమం అంటే ఆగిపోవడం, కనుక ఇది వస్తువులు తమ స్వభావం చేతనే నశిస్తాయని చెప్పే సిద్ధాంతం. ఒక స్థితి పుట్టడానికి కారణం కావాలి గాని అది పోవడానికి వేరే కారణం అక్కరలేదని, శరీరంలోని ధాతువుల వైషమ్యం కూడా అలాగే తనంతట తాను ఉపరమిస్తుందని అందులో గురువైన ఆత్రేయుడు అంటాడు. అప్పుడు శిష్యుడు అగ్నివేశుడు వేసిన ప్రశ్న నేటి తల్లిదండ్రులదే: అంతా తనకు తానే పోయేటట్లయితే వైద్యుడి పని ఏమిటి, మందు దేనిని చక్కదిద్దుతుంది? ఆత్రేయుడి సమాధానపు సారాంశం ఏమిటంటే, పోయేదాన్ని నెట్టి పంపడం వైద్యం కాదు. వైషమ్యాన్ని మళ్ళీ మళ్ళీ పుట్టించే హేతువులను తొలగించి, సమస్థితిని పుట్టించే హేతువులను సమకూర్చడమే వైద్యం. కాలమే పోగొట్టేదాన్ని కాలానికి వదిలి, కాలం చేతికి అడ్డుతగిలే వాటిని మాత్రం మనిషి తీసివేయాలని దీనిని అర్థం చేసుకోవచ్చు.

ఈ సూత్రాన్ని పొలుసుకు అన్వయిస్తే చేయవలసినది, చేయకూడనిది చాలావరకు తేలిపోతాయి. గట్టిపడిన పెచ్చును మెత్తబరచడానికి మినరల్ ఆయిల్ లేదా పెట్రోలియం జెల్లీ కొద్దిగా రాసి, పావుగంట మొదలు కొన్ని గంటల వరకు నాననిచ్చి, మెత్తని బ్రష్షుతో లేదా గుడ్డతో నెమ్మదిగా వదులు చేసి, గాఢత లేని బేబీ షాంపూతో కడిగివేయడం వైద్యుల సాధారణ సలహా. ఇందులో కడగడం అనే చివరి అంచె ముఖ్యమైనది, ఎందుకంటే తల మీద నిలవ ఉన్న నూనెకు పొలుసు అంటుకుని పెచ్చు మరింత మందమవుతుంది; పైగా మలసీజియా నూనెలలోని కొవ్వు ఆమ్లాలనే ఆహారంగా చేసుకుంటుంది. రోజంతా మాడుకు ఆముదం పట్టించి ఉంచే అలవాటు ఇక్కడే స్వభావానికి అడ్డుపడుతుంది. ఆముదం వల్ల మాడు గట్టిపడుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. పుర్రె ఎముకలు పెరిగి దగ్గరై ఏడాది, ఏడాదిన్నర వయసుకు మాడు తనంతట తానే పూడుతుంది. గోటితో, దువ్వెన పళ్ళతో పెచ్చును పెకలిస్తే చర్మం చిట్లి, నిరపాయకరమైన చోట సూక్ష్మక్రిములు చేరి నిజమైన వ్యాధి మొదలవుతుంది. శాలిసిలిక్ ఆమ్లం కలిసిన పెద్దల చుండ్రు మందులు పసిచర్మం గుండా రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది కనుక వాడకూడదు. శిలీంధ్రాన్ని అణచే కీటోకొనజోల్ గాని, తక్కువ గాఢత గల హైడ్రోకార్టిజోన్ గాని వైద్యుడు చూసి రాస్తేనే వాడాలి.

పొడి చర్మం విషయంలో హేతువుల చర్చ ఇంకా విశాలమవుతుంది. నెలలు నిండిన బిడ్డ చర్మం తొలి వారాలలో పొరలుగా ఊడటం దాదాపు ప్రకృతి నియమం. నీటిలో తొమ్మిది నెలలు ఉన్న దేహం గాలికి అలవాటు పడుతున్న దశ అది. పుట్టినప్పుడు దాదాపు తటస్థంగా ఉన్న చర్మపు ఉపరితలం కొన్ని వారాలలో ఆమ్లగుణం సంతరించుకుని సూక్ష్మజీవులను అదుపు చేయగల కవచంగా మారుతుంది. క్షారగుణం ఎక్కువగా ఉండే మామూలు సబ్బు ప్రతిసారీ ఆ పనిని వెనక్కు నెడుతుంది. సికింద్రాబాద్ దక్కన్ పీఠభూమి మీద సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది; ఇక్కడ డిసెంబరు, జనవరి నెలల గాలి పొడిగా ఉంటుంది, వేసవిలో ఏసీ గదుల గాలీ అంతే. ఆ పొడిగాలిలో వేడినీళ్ళు ఎక్కువసేపు పోసి, నూగు పోవాలని శనగపిండితో ఒళ్ళంతా రుద్దితే చర్మం తన సొంత తైలాన్ని కోల్పోతుంది. నూగు రుద్దకపోయినా కొన్ని వారాలలో రాలిపోతుంది. అది కూడా స్వభావోపరమమే. గోరువెచ్చని నీటితో క్లుప్తంగా స్నానం చేయించి, రుద్దకుండా గుడ్డతో అద్ది, తడి ఆరకముందే సువాసనలు లేని మాయిశ్చరైజర్ రాస్తే పొడిబారిన చర్మానికి చాలావరకు సరిపోతుంది.

ఇక్కడ ప్రాచీన గ్రంథాన్ని గౌరవిస్తూనే దానితో విభేదించవలసిన ఒక చోటు వస్తుంది. సుశ్రుతుడు శారీరస్థానంలో అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటి మీది ఉల్బాన్ని తొలగించి, మాడు మీద నేతితో తడిపిన దూది పింజ ఉంచమన్నాడు. ఉల్బం అంటే బిడ్డ ఒంటిని అంటిపెట్టుకుని వచ్చే జారుడు పొర, నేటి వైద్యులు వెర్నిక్స్ అనేది అదే. అందులో దాదాపు ఎనభై శాతం నీరు, మిగిలినది కొవ్వు, మాంసకృత్తులు. అది చర్మాన్ని తేమగా ఉంచి సూక్ష్మక్రిముల నుంచి కాపాడుతుంది కనుక దానిని తుడిచివేయకుండా తొలి స్నానాన్ని కనీసం 24 గంటలు ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చూపుకు మడ్డిగా తోచినది నిజానికి రక్షణ అని తెలియడానికి ఇన్ని శతాబ్దాలు పట్టింది. శుద్ధి చేయాలనే ఆత్రం మొదటి గంటలోనే ఎంత దూరం తప్పగలదో దీనివల్ల అర్థమవుతుంది. అదే సంస్థ 2022 సిఫారసులలో నెలలు నిండిన ఆరోగ్యవంతమైన బిడ్డలకు చర్మవ్యాధుల నివారణ కోసం రోజువారీగా లేపనాలు రాయడాన్ని సమర్థించలేదు. ఒంటికి మృదువుగా మర్దన చేయడాన్ని మాత్రం పెరుగుదలకు మేలు చేయవచ్చునని పరిశీలించదగినదిగా పేర్కొంది. 2020లో లాన్సెట్ పత్రికలో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు, ఒకటి బ్రిటన్‌లో, మరొకటి నార్వే, స్వీడన్‌లలో జరిగినవి, పుట్టినప్పటి నుంచి లేపనాలు రాసినంత మాత్రాన ఎగ్జిమా అనే చర్మవ్యాధిని ముందుగా ఆపలేమని తేల్చాయి. నెలలు నిండకుండా పుట్టినవారి సంగతి వేరు. ఢాకా శిశు ఆసుపత్రిలో అలాంటి బిడ్డలకు పొద్దుతిరుగుడు నూనె రాసినప్పుడు ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు గణనీయంగా తగ్గినట్టు 2005లో వెల్లడైంది. నూనె తనకు తాను పవిత్రమూ కాదు, దోషమూ కాదు. ఏ నూనె, ఏ బిడ్డకు, ఎంతసేపు అన్నదే తేడా. ఆలివ్ నూనెలో అధికంగా ఉండే ఒలియిక్ ఆమ్లం చర్మపు పైపొరను బలహీనపరచగలదన్న సంగతి, పవిత్ర తైలంగా దానికున్న స్థానాన్ని ఏమాత్రం తగ్గించదు, ఎందుకంటే నడినెత్తిన అద్దే ఒక్క చుక్కకు, రోజూ ఒళ్ళంతా పట్టించే చెంచాల నూనెకు పోలిక లేదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రసూతి ఆసుపత్రులలో ఇవ్వడం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో బేబీ ఆయిల్, సబ్బు, పౌడరు కూడా ఉండేవన్నది ఈ సందర్భంలో గమనించదగిన విషయం. పేదింటి బాలింత చేతిలో ఒక సంచి పెట్టి పంపడం సమాజం ఆ బిడ్డను తనదిగా ఒప్పుకోవడమే, ఆ మేరకు అది పాత పురిటి సారెకు దగ్గరి చుట్టం. కాని చేతిలో వస్తువు ఉన్నప్పుడు దానిని వాడి తీరాలనే ఒత్తిడి కూడా వెంట వస్తుంది. ముఖ్యంగా పౌడరు బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుందని పిల్లల వైద్యులు హెచ్చరిస్తారు, సాంబ్రాణి పొగ విషయంలోనూ అదే భయం.

బిడ్డకు ఏదో ఒకటి చేయకుండా ఉండలేకపోవడం ప్రేమలో భాగమేనని, దానిని తప్పు పట్టడం కాఠిన్యమని ఒక అభ్యంతరం రావచ్చు. దానికి బౌద్ధం దగ్గర మంచి సమాధానం ఉంది. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగింటిని బౌద్ధులు బ్రహ్మవిహారాలు అంటారు, అంటే మనసు నివసించదగిన ఉత్తమ స్థితులు. పతంజలి యోగసూత్రాలు కూడా ఈ నాలుగింటినే చిత్తప్రసాదానికి, మనసు తేటపడటానికి, ఉపాయాలుగా చెప్పాయి. ఐదో శతాబ్దపు బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో ఈ నాలుగింటినీ నలుగురు కొడుకులున్న తల్లితో పోల్చి వివరించాడు. పసివాడు పెరగాలని ఆమె కోరుకోవడం మైత్రి, జబ్బుపడ్డవాడు కోలుకోవాలని కోరుకోవడం కరుణ, యౌవనంలో ఉన్నవాడి సుఖం నిలవాలని కోరుకోవడం ముదిత, తన పనిలో తాను ఉన్నవాడి గురించి ఆందోళన పడకపోవడం ఉపేక్ష. నలుగురి మీదా ఆమె ప్రేమ ఒకటే. అవసరం మారితే ప్రేమ తీసుకునే రూపం మారుతుంది.

మాడు మీద పొలుసు కట్టిన శిశువు ఈ దృష్టాంతాన్ని ఒక చిత్రమైన పరీక్షకు నిలబెడతాడు, ఎందుకంటే ఆ ఒక్క బిడ్డే పసివాడు, చూపుకు జబ్బుపడ్డవాడు, తన పనిలో తాను ఉన్నవాడు కూడా. అతని చర్మం గర్భవాసం నుంచి తెచ్చుకున్న హార్మోన్లను వదిలించుకుంటూ, తన ఆమ్లకవచాన్ని కట్టుకుంటూ, తనతో జీవితాంతం బతకబోయే సూక్ష్మజీవులతో సంధి కుదుర్చుకుంటూ ఉంటుంది. ఆ పనిలో దానికి పెద్దల సాయం దాదాపు అక్కరలేదు. పెద్దలు చేసే పొరపాటు ప్రేమ ఎక్కువై చేసేది కాదు, నాలుగో కొడుకును రెండో కొడుకుగా ఎంచడం వల్ల జరిగేది. కరుణ చూపవలసిన చోట ఉపేక్ష క్రూరత్వమైతే, ఉపేక్ష చూపవలసిన చోట కరుణ చొరబాటు అవుతుంది, ఆ చొరబాటును ఎదిరించి చెప్పే నోరు ఆ బిడ్డకు ఇంకా రాలేదు. నోరులేని దేహం మీద పెద్దలకున్న అధికారం దాదాపు అపరిమితం కాబట్టే, ఈ చర్య బిడ్డ బాధను తగ్గిస్తోందా, చూసేవారి అసహనాన్ని తగ్గిస్తోందా అని ప్రతి చర్యకు ముందూ అడగవలసి ఉంటుంది. ఫొటోకు తల నున్నగా కనిపించాలని, బారసాలకు వచ్చిన చుట్టాలు ఏమంటారో అని చేసే గీకుడుకు ఈ ప్రశ్న ముందు నిలిచే సమర్థన లేదు. రోజూ ఒళ్ళో పడుకోబెట్టుకుని కాసేపు మృదువుగా నూనె రాసి, పాట పాడుతూ నీళ్ళు పోసే అమ్మమ్మ చేతికి మాత్రం ఆ ప్రశ్న అడ్డురాదు. ఆ స్పర్శ పొలుసు కోసం కాకపోయినా బిడ్డకు దక్కుతుంది, తల్లికి ఆ కాస్త సేపు నిద్ర దొరుకుతుంది.

బుద్ధఘోషుడు ఉపేక్షకు ఒక దగ్గరి శత్రువును కూడా పేర్కొన్నాడు. అది అజ్ఞానం వల్ల కలిగే ఉదాసీనత, పైకి ఉపేక్షలాగే కనిపిస్తుంది గాని చూడటం మానేస్తుంది. నిజమైన ఉపేక్ష అనుక్షణం చూస్తుంది. పొలుసు తల దాటి ముఖం, మెడ మడతలు, చంకలు, తొడల సందుల్లోకి ఎర్రగా పాకినా, రసి కారినా, చీము పట్టినా, నెత్తురు చెమ్మ కనిపించినా, బిడ్డ గోక్కోలేక తలను పక్కకు రుద్దుకుంటూ నిద్రపోకున్నా, జ్వరం వచ్చినా, పాలు మానేసినా, ఒళ్ళంతా పొలుసుతో పాటు విరేచనాలు పట్టుకుని బరువు పెరగకున్నా, ఏడాది దాటినా తగ్గకున్నా అది వేరే వ్యాధి కావచ్చు. అటోపిక్ డెర్మటైటిస్ అనే దురదతో కూడిన చర్మశోథ మొదలు అరుదైన రోగనిరోధక లోపాల వరకు వైద్యుడు విడదీసి చూడవలసినవి ఉన్నాయి. అప్పుడు ఆ బిడ్డ రెండో కొడుకు. సికింద్రాబాద్‌లో గాంధీ ఆసుపత్రికో దగ్గరలోని పిల్లల వైద్యుడి వద్దకో ఆలస్యం చేయకుండా తీసుకుపోవడమే ధర్మం.

ఈ విచక్షణను బాలింతకు ఎవరు చెప్పాలన్నది మిగిలిన ప్రశ్న. 2011 నుంచి అమలులో ఉన్న ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి బిడ్డను చూస్తారు. వీటిలో చివరి మూడు రోజులూ పొలుసు మొదలయ్యే కాలంలోనే పడతాయి. గౌతముడి సూత్రం తెలిసిన పురోహితుడు, జ్ఞానస్నానానికి తీసుకువచ్చిన దంపతులకు విచారణ గురువు, అఖీఖా నాడు ఇమాము తమ తమ శాస్త్రాల నుంచే చెప్పగలిగిన మాట ఒకటి ఉంది: ఈ బిడ్డ తల మీద వచ్చేది మైల కాదు, ఈ తల్లి తప్పు కాదు. ఆశా కార్యకర్త ఇరవై ఒకటో రోజున అదే మాటను అత్తగారి ఎదుట, మామగారికి వినబడేలా చెబితే, ఆ ఇంట్లో బాలింత ఆ పూట తల ఎత్తుకుని అన్నం తింటుంది.